సలహాకు సంతకం ఎవరిది?

పేద దేశాల ఆరోగ్య వ్యవస్థలను ఎలా నడపాలో ఆ దేశాల ప్రభుత్వాలకు చెప్పడానికి ప్రపంచంలో ఒక ప్రత్యేకమైన ఉద్యోగం ఉంది. దాని పేరు ఆరోగ్య సలహాదారు. ఈ ఉద్యోగానికి మనుషులను తయారుచేసే పేరుమోసిన విద్యాసంస్థలు లండన్, లివర్‌పూల్, యాంట్‌వెర్ప్, బాల్టిమోర్ నగరాల్లో ఉన్నాయి. అక్కడ ఏడాదో రెండేళ్లో చదువుకున్నవారు ఏ ఆఫ్రికా దేశపు మంత్రిత్వ శాఖలోనో, మన దేశంలో ఏ రాష్ట్ర సచివాలయంలోనో కూర్చుంటారు. ఆస్పత్రులకు డబ్బు ఎలా ఇవ్వాలి, నర్సులను ఎలా నియమించాలి, మందులు ఎలా కొనాలి అని చెప్తారు. రిపోర్టు ఇస్తారు. వెళ్లిపోతారు. ఆ సలహా పాటించినందువల్ల ఏం జరిగిందో చూడటానికి వాళ్లు అక్కడ ఉండరు.

నేను డాక్టరును కాను. బి.కాం. చదివి, రక్షణ శాఖ లెక్కల విభాగంలో ముప్పై ఏడేళ్లు వోచర్లు, బిల్లులు, స్టోరు లెడ్జర్లు చూసి రిటైరైనవాణ్ణి. ఈ విషయం నా మీద ఎందుకు పడిందంటే, మా అన్నయ్య మనవరాలు బి.డి.ఎస్. పూర్తిచేసింది. పళ్ల డాక్టరు పని ఇష్టం లేదట. ప్రజారోగ్యంలో పై చదువుకు ఇంగ్లండు వెళ్లి, తర్వాత ఆరోగ్య సలహాదారు కావాలని ఆమె కోరిక. అప్పు చెయ్యాలి, దానికి ఇల్లు తాకట్టు పెట్టాలి. "చిన్నతాతయ్యా, నువ్వు లెక్కలు తెలిసినవాడివి, ఇది గిట్టుబాటు అవుతుందా?" అని ఫోను చేసింది. ఆ సమయానికి నేను ఛత్తీస్‌గఢ్‌లో ఉన్నాను. మా అబ్బాయి తిల్దా దగ్గర బైకుంఠ్ సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగి. ఏటా నాలుగైదు నెలలు నా మకాం తిల్దాలోనే.

అప్పు, వడ్డీ, జీతం లెక్క వెయ్యడం కష్టం కాదు. బ్రిటన్‌లో విదేశీ సహాయం కోసమే ఉన్న శాఖను 2020లో విదేశాంగ శాఖలో కలిపేశారు. అమెరికా సహాయ సంస్థ యు.ఎస్. ఎయిడ్‌ను 2025లో మూసేశారు. ఉద్యోగాలు ఇచ్చే చేతులే ముడుచుకుంటున్నాయి. ఇది ఆమెకు చెప్పాను. కాని నాకు తట్టిన అసలు ప్రశ్న అది కాదు. సలహా చెప్పడం నేర్పే చదువులో, ఆ సలహాకు జవాబుదారీ ఎవరో కూడా నేర్పుతారా?

మా శాఖలో సలహాకు ఒక పద్ధతి ఉంది. ఖర్చు పెట్టే అధికారం సైనికాధికారిది. కాని ఒక పరిమితి దాటిన ఖర్చయితే ఫైలు ముందుగా ఇంటిగ్రేటెడ్ ఫైనాన్షియల్ అడ్వైజర్ దగ్గరికి రావాలి. ఆయన తన సలహా ఫైలు మీద రాసి, సంతకం చేసి, తేదీ వేస్తాడు. అధికారికి ఆ సలహా నచ్చకపోతే తోసిపుచ్చే హక్కు ఉంది. అయితే ఎందుకు తోసిపుచ్చాడో కారణం తానూ రాసి సంతకం పెట్టాలి. పదేళ్ల తర్వాత ఆడిట్ వచ్చినా, ఎవరు ఏం చెప్పారో, ఎవరు వినలేదో కాగితం మీద ఉంటుంది. ఈ పద్ధతిలో లోపాలు లేవని కాదు. జాప్యం ఉంది, చేతికి మట్టి అంటకుండా చూసుకునే తెలివితేటలూ ఉన్నాయి. కాని సలహాకు ఒక మనిషి పేరు ఉంది.

ప్రపంచ స్థాయిలో ఇచ్చే ఆరోగ్య సలహాకు అలాంటి పేరు ఏదీ? ఒక ఉదాహరణ చూడండి. పేద దేశాల్లో ప్రభుత్వాసుపత్రికి వచ్చే రోగుల దగ్గర ఫీజు వసూలు చెయ్యాలని 1987లో ప్రపంచ బ్యాంకు ఒక పత్రంలో సిఫార్సు చేసింది. ఉచితంగా ఇస్తే విలువ తెలియదు, ఫీజు పెడితే ఆస్పత్రికి రాబడి వస్తుంది, వృథా తగ్గుతుంది అన్నది వాదన. కాగితం మీద చూస్తే నాలాంటి కామర్స్ వాడికి కూడా సబబుగానే తోస్తుంది. అప్పుల కోసం చెయ్యి చాచిన దేశాలు వరుసగా ఫీజులు పెట్టాయి. కెన్యా 1989 చివర పెట్టి, ఆస్పత్రులకు జనం రావడం పడిపోయేసరికి మరుసటి ఏడాదే ఆపవలసి వచ్చింది. ఉగాండా 2001లో ప్రభుత్వాసుపత్రుల్లో ఫీజులు ఎత్తేస్తే రోగుల సంఖ్య ఒక్కసారిగా పెరిగింది. అంటే అంతవరకు ఆ రోగులు ఎక్కడున్నారు? ఇంట్లో పడి ఉన్నారు. 2013లో ప్రపంచ బ్యాంకు అధ్యక్షుడు జిమ్ యాంగ్ కిమ్ జెనీవా సభలో మాట్లాడుతూ, వైద్యం దగ్గర వసూలు చేసే ఫీజులు అన్యాయమనీ అనవసరమనీ చెప్పారు. మంచిదే. కాని మధ్యలో గడిచింది ఇరవై ఆరేళ్లు. మా ఆఫీసులో ఎవరికైనా జీతం ఎక్కువ చెల్లిస్తే చివరి రూపాయి దాకా రికవరీ పెట్టేవాళ్లం. ఇక్కడ రికవరీ ఎవరి మీద? ఆ సలహా ఇచ్చినవారిలో ఎవరి పింఛను ఆగింది?

మనం బాబాల మాటను గుడ్డిగా నమ్మేవారిని విమర్శిస్తాం. మంచిదే. కాని సూటు వేసుకుని, తెర మీద రంగురంగుల పటాలు చూపించి చెప్పిన మాటను సచివాలయాలు వేదవాక్కుగా తీసుకుంటే దాన్ని ఏమనాలి? రుజువు అడగకుండా నమ్మడం ఎక్కడైనా ఒకటే.

ఇంకో విషయం గమనించండి. సికింద్రాబాద్ బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసింది 1897లో. లివర్‌పూల్ ఉష్ణమండల వైద్య పాఠశాల పుట్టింది 1898లో. మరుసటి ఏడాది రాస్ అక్కడ అధ్యాపకుడుగా చేరాడు. అంటే ఆయన నేర్చుకున్నది బేగంపేటలో, నేర్పింది లివర్‌పూల్‌లో. అప్పటినుంచి దారి మారలేదు. రోగం ఇక్కడ, అనుభవం ఇక్కడ, పట్టా అక్కడ. ఆ పట్టా కోసం మన పిల్లలు ఇళ్లు తాకట్టు పెట్టి వెళ్లాలి!

దీనికి ఎదురు దారిలో జరిగిన ప్రయత్నం ఒకటి నేను కూర్చున్న చోటే జరిగింది. అందుకే ఇదంతా రాస్తున్నాను.

2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడింది. అప్పటికి అక్కడ పుట్టిన ప్రతి వెయ్యిమంది శిశువుల్లో ఏడాది నిండకుండా చనిపోయేవారు 80 మందికి దగ్గరగా ఉండేవారు. డాక్టర్లు లేరు, ఉన్నవారు అడవి ప్రాంతాలకు వెళ్లరు. 2002లో రాష్ట్ర ప్రభుత్వం, యాక్షన్ ఎయిడ్ అనే సంస్థతో ఒప్పందం చేసుకుని, రాయ్‌పూర్‌లో స్టేట్ హెల్త్ రిసోర్స్ సెంటర్ అని ఒకటి పెట్టింది. ఆరోగ్య శాఖకు సలహా చెప్పడం దాని పని. కాని సలహాదారులు వచ్చిపోయేవారు కారు, అక్కడే ఉండి పని చేసేవారు. దానికి డైరెక్టరుగా ఉన్నవారు టి. సుందరరామన్, పాండిచ్చేరి జిప్మర్‌లో వైద్యం బోధించిన ఆచార్యుడు, జనవిజ్ఞాన ఉద్యమం మనిషి. అదే ఏడాది మొదలైంది మితానిన్ కార్యక్రమం.

మితానిన్ అంటే ఛత్తీస్‌గఢీలో నేస్తురాలు. అక్కడ ఇద్దరు ఆడపిల్లలు పూజ చేసి జీవితాంతం స్నేహం కట్టుకునే ఆచారం ఉంది. ఆ పేరే పెట్టారు. ఊరికి ఒకరు కాదు, 'పారా'కు ఒకరు. పారా అంటే మన పల్లెల్లో వాడ లాంటిది. ఈ తేడా చిన్నది కాదు. ఊరికి ఒకరంటే ఆ ఒకరు సర్పంచి కోడలే అవుతుంది, దళిత వాడకో గోండు గూడేనికో ఆమె వెళ్లదు. వాడకు ఒకరంటే వాడ మనిషే కావాలి. చదువు రాకపోయినా ఫరవాలేదన్నారు. దాదాపు అరవై వేలమంది, అందరూ స్త్రీలే. ఊళ్లలో ముందుగా కళాజాతాలు నడిచాయి. పాటలు, వీధి నాటకాలు. నెల్లూరు జిల్లాలో 1990 తర్వాత అక్షరాస్యతా ఉద్యమం ఎలా నడిచిందో, ఆ చదువుల్లోంచి దూబగుంట ఆడవాళ్లు సారా మీదికి ఎలా లేచారో తెలిసినవారికి ఈ పద్ధతి కొత్త కాదు.

ఈ విషయంలో నాకు నచ్చినది శిక్షణ పద్ధతి. సాధారణంగా ప్రభుత్వ శిక్షణ ఎలా ఉంటుంది? రాష్ట్రంలో కొందరికి చెప్తారు, వారు జిల్లాలో చెప్తారు, జిల్లావారు మండలంలో చెప్తారు. పైనుంచి పోసిన పాలు కిందికి వచ్చేసరికి నీళ్లవుతాయి. చివరి మనిషికి ఒక భోజనం ప్యాకెట్టు, ఒక సంచి, ఒక సంతకం మిగులుతాయి. (అలాంటి శిక్షణల బిల్లులు నేను బోలెడు పాస్ చేశాను. భోజనాల బిల్లుకు ఎప్పుడూ లోటు ఉండదు.) ఇక్కడ విడతలు విడతలుగా శిక్షణ ఇచ్చారు. ఒక విడత కొద్ది రోజులు, ఒక పుస్తకం. తర్వాత ఇంటికి వెళ్లి ఆ పని చెయ్యాలి. మళ్లీ వచ్చి ఏం కుదిరిందో ఏం కుదరలేదో చెప్పాలి. సుమారు ఇరవై మంది మితానిన్లకు ఒక శిక్షకురాలు. ఆమె తరగతి అయిపోయాక మాయమయ్యేది కాదు, మితానిన్ వెంట ఇంటింటికీ తిరిగేది. ఆ శిక్షకుల్లో చాలామంది మితానిన్లుగా పనిచేసి పైకి వచ్చినవారే. వాళ్ల పైన బ్లాకు స్థాయి వారు, వాళ్ల పైన రాయ్‌పూర్ వారు. పైనున్నవాడి పాఠ్యపుస్తకం తర్వాతి విడతలో కింది నుంచి వచ్చిన ప్రశ్నలతో మారేది. నా దృష్టిలో సలహాదారుకు ఇచ్చే శిక్షణ అంటే ఇదే. అరవై వేలమందికి పాఠం చెప్పడం ఒక ఎత్తు, పాఠం తప్పయితే మరుసటి విడతలో ఆ అరవై వేలమంది ముఖం చూడవలసి రావడం ఒక ఎత్తు.

2005లో కేంద్రం జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ పెట్టి దేశమంతా ఆశా కార్యకర్తలను నియమించినప్పుడు, చూసిన నమూనాల్లో మితానిన్ ముఖ్యమైనది. తర్వాత ఢిల్లీలో జాతీయ స్థాయి హెల్త్ సిస్టమ్స్ రిసోర్స్ సెంటర్ ఏర్పడితే 2007 నుంచి 2014 దాకా దాన్ని నడిపింది కూడా సుందరరామనే. అంటే రాయ్‌పూర్‌లో నేర్చుకున్నది ఢిల్లీకి వెళ్లింది. రాస్ వెళ్లిన దారి కాదు.

తిల్దా మీకు తెలిసి ఉండదు. రాయ్‌పూర్, బిలాస్‌పూర్ మధ్య రైల్వే స్టేషను. బోర్డు మీద తిల్దా-నేవరా అని ఉంటుంది. రైసు మిల్లులు, ఊకపొట్టు, దుమ్ము. అమెరికా మిషనరీలు పెట్టిన పాత ఆస్పత్రి ఒకటి, దానికి నర్సుల బడి ఒకటి ఉన్నాయి. వాళ్ల మత ప్రచారం సంగతి వేరు, దానితో నాకు పేచీ ఉంది. కాని నర్సులను బయటినుంచి తేకుండా ఇక్కడి పిల్లల్నే తయారు చెయ్యాలన్న ఆలోచన సరైనది.

మా కాలనీ వెనక పారాలో ఒక మితానిన్ ఉంది. నేను దీదీ అంటాను, ఆమె నన్ను బాబూజీ అంటుంది. నడివయసు, అయిదో తరగతి చదువు. దగ్గుతో ఉన్న బిడ్డను చూసినప్పుడు ఆమె ఏం చేస్తుందని అడిగాను. చొక్కా ఎత్తి పొట్ట కదలికను చూస్తూ నిమిషం పాటు ఊపిరి లెక్కపెడుతుందట. రెండు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డకు నిమిషానికి యాభై, ఆ పైన అయిదేళ్ల దాకా నలభై. అంతకు మించితే న్యుమోనియా అని అనుమానించి ఆస్పత్రికి. ఈ అంకెలు ఆమె గుక్క తిప్పుకోకుండా చెప్పింది. డిగ్రీలున్న మా కాలనీ వాళ్లలో ఒక్కరికీ ఇది తెలియదు, నాతో సహా.

బైగా దగ్గరికి తీసుకెళ్తే ఏం చేస్తావు అని కూడా అడిగాను. బైగా అంటే మంత్రం వేసేవాడు. "మొదట బండి ఎక్కిస్తాను. మంత్రం వేయించుకోవాలంటే తిరిగొచ్చాక వేయించుకోమంటాను" అంది. మన సంఘం మిత్రులకు ఇది మింగుడుపడకపోవచ్చు. మనమైతే ముందు ఉపన్యాసం ఇస్తాం. బిడ్డ ఊపిరి నిమిషానికి అరవై కొడుతున్నప్పుడు ఎవరి పద్ధతి హేతుబద్ధమో మీరే ఆలోచించండి.

మితానిన్ కథ చెప్పి చప్పట్లు కొట్టించుకోవడం నా ఉద్దేశం కాదు. భక్తి ఇక్కడా పనికిరాదు. అంకెలు చూద్దాం. ఛత్తీస్‌గఢ్‌లో శిశు మరణాలు 2000లో వెయ్యికి 80 దగ్గర నుంచి 2020 నాటికి 38కి తగ్గాయి. బాగానే ఉంది. కాని అదే కాలంలో దేశం మొత్తం మీద 68 నుంచి 28కి తగ్గాయి. తగ్గింది ఇంచుమించు సమానం. తెలంగాణలో 2020లో 21, ఆంధ్రప్రదేశ్‌లో 24, కేరళలో 6. కనుక ఛత్తీస్‌గఢ్‌లో తగ్గిన మరణాలన్నీ మితానిన్ ఖాతాలో జమ వెయ్యడానికి నా చెయ్యి ఒప్పుకోదు. ఆమె లేకపోతే ఎంత తగ్గేవో చెప్పే లెడ్జరు ఎవరి దగ్గరా లేదు.

పైగా ఇక్కడే 2014 నవంబరు 8 జరిగింది. తిల్దాలో రైలెక్కితే తర్వాతి పెద్ద ఊరు బిలాస్‌పూర్. దాని దగ్గర పెండారీలో, వాడకంలో లేని ఒక ఆస్పత్రి భవనంలో కుటుంబ నియంత్రణ శిబిరం పెట్టారు. ఒక సర్జను కొన్ని గంటల్లో 83 మంది స్త్రీలకు ఆపరేషన్లు చేశాడు. నిబంధనల ప్రకారం ఒక జట్టు రోజుకు ముప్పైకి మించి చెయ్యకూడదు. పదముగ్గురు చనిపోయారు. మందుల్లో విషం కలిసిందని ఒక వాదన, ఆపరేషన్లలో శుభ్రత లేక చీము పట్టిందని మరో వాదన. అంతకు కొన్ని నెలల ముందే ఆ సర్జనుకు రాష్ట్ర ప్రభుత్వం అవార్డు ఇచ్చింది, ఎక్కువ ఆపరేషన్లు చేసినందుకు!

ఆపరేషన్లకు పైనుంచి లక్ష్యాలు పెట్టే పద్ధతిని కేంద్రం 1996లోనే ఎత్తేసింది, కాగితం మీద. కింద లక్ష్యం అలాగే ఉంది, పేరు మారింది. ఆపరేషను చేయించుకున్న స్త్రీకి ఇంత, తీసుకొచ్చిన కార్యకర్తకు ఇంత, చేసిన డాక్టరుకు ఇంత. ఈ ప్రోత్సాహకాల పట్టిక ఎవరో ఒక సలహాదారు బల్ల దగ్గర కూర్చుని తయారుచేసిందే. తలకు ఇంత అని డబ్బు పెడితే తలలు లెక్కపెట్టడం మొదలవుతుందని చెప్పడానికి ప్రజారోగ్యం చదవక్కర్లేదు, స్టోరు కీపర్ల మధ్య ఒక్క ఏడాది పనిచేస్తే చాలు. 2016లో సుప్రీంకోర్టు దేవికా బిశ్వాస్ కేసులో, ఇలాంటి శిబిరాలను మూడేళ్లలో ఆపెయ్యాలని తీర్పు ఇచ్చింది. విచారణలు డాక్టరు దాకా వెళ్లాయి, మందుల కంపెనీ దాకా వెళ్లాయి. ఆ పట్టిక గీసినవాడి దాకా ఏ విచారణా వెళ్లినట్లు నేను చూడలేదు.

నమ్మకమైన మనిషిని వాడలో తయారుచేసి, ఆ నమ్మకాన్ని లక్ష్యాల వేటకు వాడుకుంటే ఏమవుతుంది? పెండారీ తర్వాత కొన్నాళ్లు ఇళ్లలోవాళ్లు తనతో సరిగా మాట్లాడలేదని మా దీదీ చెప్పింది. ఆమె ఆ శిబిరానికి ఎవరినీ పంపలేదు. అయినా మాటపడింది.

సలహాను రుజువుతో కొలిచిన సందర్భం కూడా ఈ రాష్ట్రంలోనే ఉంది, అదీ చెప్పాలి. 2001లో పల్లెలకోసం మూడేళ్ల వైద్య కోర్సు పెట్టారు. డాక్టర్ల సంఘాలు గోల చేశాయి, సగం డాక్టర్లు ప్రజల ప్రాణాలు తీస్తారన్నారు. కోర్సు కొన్నేళ్లకు ఆగిపోయింది. అప్పటికే చదివినవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో గ్రామీణ వైద్య సహాయకులుగా వేశారు. తర్వాత 2010లో వచ్చిన ఒక అధ్యయనంలో, సాధారణ జబ్బుల విషయంలో ఎం.బి.బి.ఎస్. డాక్టర్లతో వీరిని పోల్చి పరీక్షిస్తే, తెలివిడిలో ఇద్దరూ సమానంగా తేలారు. గోల చేసినవాళ్లూ పరీక్ష చెయ్యలేదు, కోర్సు ఆపినవాళ్లూ చెయ్యలేదు. పరీక్ష వచ్చేసరికి కాలేజీ గేటుకు తాళం పడింది.

మా మనవరాలికి ఇదంతా ఫోనులో రెండు మూడు సార్లుగా చెప్పాను. ఆమె ఊరుకోలేదు. "తాతయ్యా, గణాంకాలు, రోగవ్యాప్తి లెక్కలు ఎవరో ఒకరు నేర్పాలి కదా, దీదీ నేర్పదు కదా" అంది. ఆ మాట నిజమే. ఉగాండాలో రోగులు పెరిగారని తేల్చినవారూ, ఆ 2010 అధ్యయనం చేసినవారూ ఆ లెక్కలు నేర్చుకున్నవారే. చదువు వద్దని నేను అనను. ఏ వరసలో చదవాలన్నదే పేచీ. ముందు ఇక్కడ రెండేళ్లు పనిచేసి, తన మాట విన్న ఊరికి మళ్లీ వెళ్లవలసిన అవసరం ఎలా ఉంటుందో చూసి, అప్పుడు లెక్కలు నేర్చుకుంటే ఏ లెక్క అడగాలో తెలుస్తుంది. ముందు అక్కడికి వెళ్తే, అప్పు తీరేదాకా ఎవరు డబ్బిస్తే వారికి నచ్చిన సలహా చెప్పవలసి వస్తుంది. తాకట్టులో ఇల్లు ఉన్నవాడు ఫైలు మీద అభ్యంతరం రాయడం నా సర్వీసులో నేను చాలా తక్కువ చూశాను.

ఆమె ఇంకా తేల్చుకోలేదు. ఈ ఏడాది అప్లికేషన్ పంపకుండా ఆగింది, అంతవరకు నిజం. డిసెంబరులో తిల్దా వచ్చి మూడు వారాలు ఉంటానంది. దీదీని అడిగితే "రానివ్వండి, ఉదయం ఆరింటికి లేవగలదా?" అంది. పిల్లకు హిందీ అంతంతమాత్రం, ఛత్తీస్‌గఢీ అసలు రాదు. కాబట్టి ప్రస్తుతానికి రోజూ సాయంత్రం ఫోనులో గంటసేపు నేను హిందీ నేర్పుతున్నాను.